పెద్దసారు అనని మాట

సన్మాన సభల్లో నన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ప్రైవేటు ప్రాక్టీసు పెట్టుకుని హాయిగా ఉండక, ఈ వరద శిబిరాలూ, తుఫాను షెల్టర్లూ, క్లోరిన్ బిళ్లలూ ఎందుకు పట్టుకున్నారు మేడం, మీకు స్ఫూర్తి ఎవరు అని. నేను మైకు ముందు నవ్వి, మా అమ్మ అనో, చదువు చెప్పిన గురువులనో చెప్పి కూర్చుంటాను. అబద్ధం. నాకు స్ఫూర్తి తెనాలిలో ఉండే ఒక పెద్దమనిషి. ఆయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే ఇన్నేళ్లు ఉద్యోగం చేశాను. దాన్ని సేవ అని జనం అనుకున్నారు. అనుకోనిచ్చాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆయన మా పైఅధికారి. డాక్టర్లం, నర్సులం, జీపు డ్రైవర్లం అందరం ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఎవరినీ కసురుకునేవాడు కాదు. కసురుకునేవాళ్లతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. మెత్తగా మాట్లాడుతూ గొంతు కోసేవాళ్లే నాకు పడరు.

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే, కాలవకు చిట్టచివర ఒక ఊరుంది. అక్కడి చిన్న ఆస్పత్రిలో నా మొదటి ఉద్యోగం. కాలవ చివర బతికేవాళ్ల సంగతి పైన ఉండేవాళ్లకు తెలియదు. వేసవిలో కాలవ కట్టేస్తారు. మళ్లీ వదిలినప్పుడు తెనాలి పొలాలు, వేమూరు పొలాలు అన్నీ తాగాక మిగిలింది చివరికి రావాలి. వస్తుందో రాదో ఎవరికీ నమ్మకం ఉండదు. అందుకని ఆ ఊళ్లో ఒక అలవాటుంది. మొదటి నీళ్లు కంటబడగానే వాటి మీద పసుపూ కుంకుమా చల్లి, తూము తలుపు ఎత్తి, మంచినీళ్ల చెరువులోకి పట్టేసుకుంటారు. ఎండిపోయిన కాలవలో వేసవంతా పైఊళ్లవాళ్లు పారబోసిన సమస్తమూ ఆ మొదటి నీళ్లలో కొట్టుకొస్తుంది. కొన్నాళ్లు పోనిచ్చి పట్టుకుంటే నీళ్లు తేటపడతాయి. ఆ మాట చెబితే ఆడవాళ్లు నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. "ఆగితే, ఈలోపు పైవాళ్లు కట్టేస్తే, మేమేం తాగాలమ్మా?" అని అడిగేవాళ్లు. వాళ్ల భయంలో అన్యాయం ఏమీ లేదు.

ఆస్పత్రిలో నాతో ఒక నర్సు పనిచేసేది. వయసులో నాకంటే చాలా పెద్దది. ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్లు, నేను అక్కా అనేదాన్ని. గట్టి నోరు. ఇంజెక్షన్‌కి మూలిగే మగవాళ్లను "మీసాలు ఇంటి దగ్గర పెట్టి రావాల్సింది అబ్బాయ్" అని ఏడిపించేది. హాస్టల్ తిండి తిని పీలగా తయారయ్యానని, రోజూ నాకు చేపల పులుసు తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ ఊళ్లో నాకు దిక్కు ఆమే.

ఆ ఏడు మొదటి నీళ్లు చెరువులో పడ్డ కొద్ది రోజులకే జనం రావడం మొదలైంది. వాంతులు, బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు, లోపలికి పోయిన కళ్లు. పుస్తకంలో చదివినదంతా నా వరండాలో చాపల మీద పడుకుని ఉంది. నేను పెద్దసారుకి ఫోన్ చేశాను.

"సార్, ఇది కలరా అండి."

"ఆ మాట ఎవరన్నారమ్మా?"

"నేనే అంటున్నాను సార్. శాంపిళ్లు పంపిస్తున్నాను."

"చూడమ్మా, ఆ మాట కాగితం మీద పెడితే నాకు హైదరాబాదు నుంచి ఫోన్లొస్తాయి. రాయమాకు. పెళ్లిళ్ల రోజులు కదా, పెళ్లి భోజనం తేడా చేసిందని రాయి."

"సెలైన్ కావాలి సార్. ఉన్నవి అయిపోతున్నాయి."

"పెళ్లి భోజనానికి లారీడు సెలైన్ ఎందుకమ్మా?" అన్నాడు మెత్తగా.

అదీ ఆయన తెలివి. జబ్బుకి పేరు లేకపోతే మందు అడిగే దారి ఉండదు. నేను ఆ మాట రాసే పంపాను. నా కాగితం మడత కూడా విప్పకుండా తిరిగొచ్చింది. శాంపిళ్లు ఆయన గది గుమ్మం దాటలేదు. రేపల్లె మందుల షాపుల్లో దొరికిన సెలైన్ సీసాలు తెప్పించి, ఎవరికి ఎక్కించాలో, ఎవరికి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లతో సరిపెట్టాలో నేనూ అక్కా చూసుకుంటూ నడిపాం.

అప్పుడు అక్క పడింది. పొద్దున చాపలు ఉతికిన మనిషి మధ్యాహ్నానికి గోడ పట్టుకుని నడిచింది. సీసాలు లేవు. తాగించినదంతా కక్కేస్తోంది. జీపులో పడుకోబెట్టి తెనాలి బయల్దేరదీశాను. వేమూరు దగ్గర రైలు గేటు వేసి ఉంది. రేపల్లె ప్యాసింజరు రావాలట. జీపులో నా ఒళ్లో తల పెట్టుకుని "దాహంగా ఉంది డాక్టరమ్మా" అంది. గేటు వాడిని బతిమాలాను, తిట్టాను. రైలు నింపాదిగా వెళ్లింది. గేటు ఎత్తేసరికి అక్క లేదు.

పెద్దసారు పరామర్శకు వచ్చాడు. పెద్ద పూలదండ తెచ్చాడు. విలేకర్ల ముందు "గుండె బలహీనంగా ఉండేది పాపం, పని ఒత్తిడి తట్టుకోలేకపోయింది" అన్నాడు. "కలరా సార్" అన్నాను అందరూ వినేటట్టు. ఆయన నా భుజం తట్టి, "ఈ అమ్మాయి బాగా అలిసిపోయింది, కొంచెం రెస్టు ఇద్దాం" అన్నాడు. ఆ వారంలోనే నాకు ఏజెన్సీ కొండల్లోకి బదిలీ కాగితం వచ్చింది. రెస్టు అంటే అది.

ఆ కొండల్లో కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. ఎక్కడ నీళ్లు చెడితే అక్కడికి నేను పోవాలి, ఆ మాట గట్టిగా అనాలి, ఆయన చెవిన పడేదాకా అనాలి. గోదావరి వరదల్లో పడవల మీద తిరిగాను. తుఫాను షెల్టర్లలో జనం మధ్య నేల మీద పడుకున్నాను. దేశం కాని దేశాల్లో శరణార్థుల గుడారాల మధ్య మరుగుదొడ్లు తవ్వించాను. నా మీద పత్రికల్లో వ్యాసం వస్తే, ఆ పత్రిక తెనాలికి వెళ్తుందా అని మాత్రం చూసుకునేదాన్ని. పిల్ల డాక్టర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు పెళ్లి భోజనం కథ చెప్పేదాన్ని. పేరు చెప్పకుండా, తెల్ల చొక్కాతో సహా చెప్పేదాన్ని. వాళ్లు పడి పడి నవ్వేవాళ్లు. నాకు కడుపు నిండేది.

ఆయన రిటైరై తెనాలిలో నర్సింగ్ హోమ్ పెట్టాడు. ఏటా ఎవరో ఒకరు శాలువా కప్పేవాళ్లు. సెలవులో ఉంటే పిలవకపోయినా నేను వెళ్లేదాన్ని. మొదటి వరసలో కూర్చుని, హాలంతా చప్పట్లు కొడుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన్నే చూసేదాన్ని. ఆయన స్టేజీ మీద నుంచి నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. లోపల వణికి చస్తున్నాడులే అనుకునేదాన్ని.

తిరిగి తిరిగి చివరికి బాపట్లలో నాకు ఒక కుర్చీ దొరికింది. కొత్తగా వచ్చిన డాక్టర్లను ఏ ఆస్పత్రికి పంపాలో చెప్పే కుర్చీ. ఒకరోజు ఫోన్ మోగింది. ఆ మెత్తటి గొంతు వినగానే నిటారుగా కూర్చున్నాను.

"అమ్మా, బాగున్నావా? మా మనవరాలు మీ దగ్గర చేరుతోంది. తల్లి లేని పిల్ల, నేనే పెంచాను. తెనాలి చుట్టుపక్కల ఎక్కడైనా వెయ్యమ్మా. ఇంటి నుంచి వెళ్లొస్తుంది."

"తప్పకుండా చూస్తానండి" అన్నాను.

చూశాను. గోడ మీద మ్యాపులో తెనాలి దగ్గర వేలు పెట్టి, వేమూరు మీదుగా రేపల్లె దాటించి, కాలవ అయిపోయి ఉప్పునేల మొదలయ్యే చోటికి జరిపాను. ఎక్కడ నుంచి నన్ను గెంటేశాడో అక్కడే వేశాను. సంతకం పెట్టి, కాఫీ తెప్పించుకుని, చల్లారనిచ్చి మెల్లగా తాగాను. ఆ పిల్ల ఏం పాపం చేసిందని ఎవరైనా అడగొచ్చు. ఏ పాపమూ చేయలేదు. అక్క మాత్రం ఏం చేసిందని?

చేరేముందు ఆ అమ్మాయి నన్ను కలవడానికి వచ్చింది. సన్నగా ఉంది, కళ్లజోడు, గడ్డం తీరు అచ్చం ఆయనదే. ఆ గడ్డం చూసి మనసు గట్టి చేసుకున్నాను. ఊరు ఎక్కడో చెబితే బెదురుతుందేమోనని ఎదురు చూశాను.

"పర్లేదు మేడం, అక్కడే రూము తీసుకుంటాను" అంది. వెళ్తూ వెళ్తూ, "తాతయ్య మీ గురించి ఎప్పుడూ గొప్పగా చెప్తారండి. మీరు ఆయన శిష్యురాలట కదా" అంది.

నా కష్టాన్ని కూడా శాలువాలాగా కప్పుకున్నాడన్నమాట.

బాపట్ల వచ్చిన దగ్గర్నుంచి ఏటా కాలవ వదిలే ముందు నేను ఆ ఊరు వెళ్లి, మొదటి నీళ్లు పోనివ్వండి అని కాళ్లావేళ్లా పడేదాన్ని. నీళ్ల ట్యాంకర్లు ముందుగా పెట్టించేదాన్ని. వింటూ వస్తున్నారు. ఈసారి కాలవ బాగా ఆలస్యమైంది, ట్యాంకర్లు చాల్లేదు. నీళ్లు వస్తున్నాయని తెలియగానే పసుపు కుంకాలతో ఎదురెళ్లి తూము ఎత్తేశారు. నాకు తెలిసేసరికి చెరువు నిండింది.

ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను.

"మేడం, ఇది కలరాలాగే ఉంది" అంది, తడుముకోకుండా. ఆమే మళ్లీ అంది. "తాతయ్యకి చెప్పానండి. పెళ్లి భోజనం తేడా చేసిందని రాయమన్నారు. కానీ మేడం, ఇక్కడ ఈ మధ్య పెళ్లే జరగలేదు."

నవ్వాగలేదు. క్లర్కులు తలలెత్తి చూశారు. "శాంపిళ్లు తీశావా?" అన్నాను.

"పొద్దున్నే గుంటూరు ల్యాబుకి పంపేశానండి. తప్పా?"

తప్పు కాదని చెప్పి, ఆ మాట నా సంతకంతో పైకి పంపాను. కాసేపటికి పైనుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టు వచ్చేదాకా ఆ మాట వాడకుండా ఆగొచ్చు కదా అని. ఈ జబ్బు ఆగదండీ, పంపేశాను అని చెప్పి పెట్టేశాను. సెలైన్ లారీ బయల్దేరింది. దాని వెనకే నేనూ వెళ్లాను. చెరువు దగ్గర కాపలా పెట్టించాను, ట్యాంకర్లు రప్పించాను, ఇల్లిల్లూ తిరిగి నీళ్లలో బిళ్లలు వేయించాను. ఆ అమ్మాయి వార్డు వదల్లేదు. ముసలమ్మల పక్కన కూర్చుని చెంచాతో తాగిస్తుంటే, గడ్డం సంగతి మర్చిపోయి చూశాను.

తర్వాత ఆమె పడింది. స్టూలు మీద నుంచి లేవబోయి మంచం కోడు పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి, నాడి దారంలా ఉంది. రెండు చేతులకీ సెలైన్ పెట్టాం. నాకు చాలా భయమేసింది. ఆ భయం పక్కనే ఇంకో మాట కూడా పుట్టింది. ఇప్పుడు తెలుస్తుంది ముసలాడికి అని. దాన్ని నేను దాచను.

ఆయన ఫోన్ వచ్చింది. ఆ గొంతులో మెత్తదనం లేదు.

"ఏంటమ్మా? పిల్ల ఫోన్ ఎత్తట్లేదు. అసలేంటది? నిజం చెప్పు."

"మీరే చెప్పాలి సార్. పెద్దవాళ్లు. పెళ్లి భోజనం అంటారా?"

వార్డులో ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు ఫోన్లోంచి ఆయనకీ వినిపించే ఉంటుంది.

"కలరానా?" అన్నాడు చివరికి.

"వినపడలేదండి."

"కలరా" అన్నాడు. ఈసారి గట్టిగా.

"అవునండి. అదే" అన్నాను. ఇన్నేళ్లుగా ఆయన నోట వినాలనుకున్న మాట. విన్నాను. చాలా బాగుంది.

మధ్యాహ్నానికి కారులో దిగాడు. వెంటనే తెనాలి తీసుకుపోతానన్నాడు. దారిలో పోతుంది, ఇక్కడ సీసాలున్నాయి, ఇక్కడే ఉంచుతాను అన్నాను. ఎన్ని సీసాలున్నాయని అడిగాడు. కావాల్సినన్ని ఉన్నాయండి, జబ్బు పేరు రాస్తే పంపిస్తారు అన్నాను. ఆయన నా వైపు చూడకుండా వరండా బెంచీ మీద చేపలమ్మే ఆడవాళ్ల పక్కన కూర్చున్నాడు. తెల్ల చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. వాళ్లలో ఒకామె విసనకర్ర చేతికిస్తే తీసుకున్నాడు.

సీసా మీద సీసా ఎక్కించాం. మర్నాడు పొద్దెక్కాక ఆయా గుమ్మంలోకి వచ్చి "ఒంటికి వెళ్లింది మేడం" అని చెప్పింది. ఒంట్లో నీరు నిలబడుతోందన్నమాట, ఈ జబ్బులో మాకు అంతకంటే మంచి కబురు లేదు. నాడి నిలబడింది. పిల్ల దిండుకి ఆనుకుని కూర్చుని, మజ్జిగ కావాలంది. పెద్దసారు ఆమె చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. నన్ను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"బతికించావమ్మా" అన్నాడు.

"నేను కాదండి, సీసాలు. ఆ రోజు మీరు ఇవే పంపి ఉంటే సిస్టరమ్మ కూడా ఇలాగే లేచి కూర్చునేది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో తప్పించుకోవడం లేదు, భయం లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"ఏ సిస్టరమ్మా?"

సభల్లో ఆయన చెయ్యి ఊపింది వణుకుతో కాదు. మొదటి వరసలో కూర్చున్న పాత శిష్యురాలికి ఊపాడు, అంతే. ఇన్నేళ్లు నేను మోసిన మనిషి ఆయన మనసులో ఒక్కరోజు కూడా లేదు. నాకు అప్పుడొచ్చిన కోపం, వేమూరు గేటు దగ్గర వచ్చినదానికంటే పెద్దది.

గొంతు పెంచకుండా చెప్పాను. ఫోన్లో ఏమన్నాడో, తిరిగొచ్చిన కాగితం సంగతి, అయిపోయిన సీసాలు, జీపు, రైలు, పూలదండ, గుండె బలహీనం. ఆమె పేరూ చెప్పాను. వార్డులో అందరూ విన్నారు. అక్క చేతి ఇంజెక్షన్లు తిన్న ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. ఒకాయన "అవునండి, అంతే జరిగింది" అన్నాడు.

"అప్పటి పరిస్థితులు వేరమ్మా" అన్నాడు పెద్దసారు.

పిల్ల ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. "ఆవిణ్ణి ఎక్కడ పడుకోబెట్టారు మేడం?" అని నన్నడిగింది.

"ఈ గదిలోనే."

ఆమె గదంతా ఒకసారి చూసింది. "మీరు ఇంటికెళ్లండి తాతయ్యా" అంది.

"నిన్ను తీసుకెళ్దామని కదమ్మా..."

"నేను రాను. నాకిక్కడ పనుంది. ఆవిడ మీకు గుర్తొచ్చిన రోజు ఫోన్ చెయ్యండి."

ఆయన లేచాడు. మంచం కోడు పట్టుకుని లేచాడు. పిల్ల మళ్లీ అటు చూడలేదు. నాకు సంతోషమేసింది. ఆ వయసు మనిషి అలా నడిచిపోతుంటే సంతోషించకూడదని నాకు తెలుసు. అయినా వరండా దాకా వెనకే వెళ్లి చూశాను. డ్రైవరు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"సార్" అని పిలిచాను. "చేతులు కడుక్కుని వెళ్లండి. ఎవరైనా సరే, కడుక్కోకుండా ఇక్కడి నుంచి బయటికి పోవడానికి లేదు."

"కారులో శానిటైజర్ ఉందమ్మా."

"అది చాలదండి. కలరా కదా."

ఆయన వెనక్కి వచ్చాడు. గేటు పక్కన పంపు దగ్గర ఊరివాళ్లు వరసలో ఉన్నారు. వాళ్ల వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక వంగి, సబ్బు తీసుకుని, నీళ్లు పోసుకున్నాడు. నేను పక్కనే నిలబడి, "గోళ్ల సందుల్లో కూడా, సార్" అన్నాను. ఆయన తలెత్తకుండా మళ్లీ సబ్బు అందుకున్నాడు.